చెంచయ్య మిషనుకు పదకొండు మార్కులు

ఎర్రమిట్టలో చెంచయ్య నీళ్ల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. మురికి దండెం ఉన్న కొట్టు అంటారు. ఆ మాట నిజమే. కొట్టు ముందర ఈ గుంజ నుంచి ఆ గుంజకు తీగ కట్టి, వాడి తీసేసిన ఫిల్టర్లన్నీ దాని మీద వరసగా వేలాడదీసి ఉంటాయి. జానెడు పొడుగుండే గొట్టాలు, మిషన్లో పెట్టేనాడు పాలలాగా తెల్లగా ఉంటాయి. తీసేనాటికి ఒకటి గోధుమ రంగు, ఒకటి ఇటుక రంగు, వానాకాలంలో తీసినదైతే చెప్పనలవి కాని రంగు. ఒక్కోదానికి ఒక చీటీ, చీటీ మీద పెట్టిన తేదీ, తీసిన తేదీ.

ఇదేం షోకు, కొట్టు ముందర ఈ అలంకారమేంటి అనుకోకండి. ఎర్రమిట్ట ఆడవాళ్లు క్యాను చంకన పెట్టుకుని వచ్చి ముందు చూసేది ఆ దండెమే. ఈ వారంది బాగా నల్లబడిందే, మిషను గట్టిగా పనిచేస్తోందిలే అనుకుని అప్పుడు క్యాను దించుతారు. ఎప్పుడైనా ఒక ఫిల్టరు కాస్త తెల్లగా కనిపించిందంటే చెంచయ్యను నిలబెట్టి అడిగేవాళ్లు. మీరు తాగకుండా తప్పించుకున్నదేమిటో చూసుకోండమ్మా అని చెప్పడానికి ఆయనకు అంతకన్నా మంచి పద్ధతి తోచలేదు.

అసలు ఎర్రమిట్ట నీళ్ల సంగతి చెప్పాలి. బోరు ఎంత లోతు వేస్తే అంత ఫ్లోరైడు. ఊళ్లో నడివయసు వచ్చిన ప్రతివాడికీ పళ్లు గారపట్టి ఉంటాయి, మోకాళ్లు వంగి ఉంటాయి. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆ ఊరివాళ్లకు చిన్నప్పటినుంచీ వచ్చిన మర్యాద. చెంచయ్యకూ అంతే. పదేళ్ల కిందట, భార్య రవణమ్మ మోకాళ్లు కూడా పట్టేసి పీట మీదనుంచి లేవలేక ఏడ్చిన రోజున, బోరు మెకానిక్కు పని మానేసి నీళ్ల కొట్టు పెడదామని తీర్మానించుకున్నాడు.

మిషను కొనడానికి ఒంగోలు వెళ్లి మూడు షాపులు తిరిగాడు. మొదటివాడు తన మిషనుకు ఎన్ని రంగుల లైట్లు వెలుగుతాయో చూపించాడు. రెండోవాడు నీళ్లలో రాగి, జింకు, ఇంకా ఏవేవో కలిపి నీటికి జీవం పోస్తానన్నాడు. చెంచయ్య అందరినీ అడిగింది ఒకటే: మురికి ఎక్కడ ఆగుతుంది, దాన్ని నా చేతుల్తో విప్పి తీయొచ్చా, చెడిపోతే సామాను మా వైపు దొరుకుతుందా? ఆ ఇద్దరూ మళ్లీ లైట్లు, జింకు అనే మొదలుపెట్టారు. మూడో షాపువాడు మూలనపడి ఉన్న ఒక మిషను చూపించాడు. చూడ్డానికి వికారంగా ఉంది గాని ప్రతి డబ్బా స్పానరుతో ఊడొస్తోంది. చెంచయ్య దాన్నే కట్టించుకుని వచ్చాడు.

తెచ్చాక దాన్ని చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఇసక తొట్టి రోజూ వెనక్కి కడగడం, శుక్రవారం శుక్రవారం ఫిల్టరు మార్చడం, పొద్దున సాయంత్రం మీటరు ముంచి చూడడం, లోపల ఉప్పును ఆపే పొర రెండేళ్లకోసారి మార్చడం. ఒక్క పూట ఎగ్గొట్టింది లేదు. ఊరి బడికి రోజూ ఆరు క్యాన్లు ఆయనే పంపేవాడు. పదేళ్లు గడిచేసరికి ఆ బళ్లో చిన్న తరగతుల పిల్లలకు పాలపళ్లు ఊడి తెల్లటి పళ్లొచ్చాయి. వాళ్లు నోరు తెరిచి నవ్వుతుంటే పెద్దవాళ్లకు వింతగా ఉండేది. హెడ్మిస్ట్రెస్ సువార్తమ్మ గారైతే కొత్తవాళ్లెవరొచ్చినా పిల్లల్ని వరసగా నిలబెట్టి పళ్లు చూపించమనేది. చెంచయ్య బతుకులో చేసిన మంచి పని ఏదైనా ఉందంటే ఆ పళ్లేనని ఆయన నమ్మకం, అది పోతే తను లేనట్టే లెక్క.

ఇలా ఉండగా ప్రభుత్వంవారికి శుభ్రత మీద కోరిక పుట్టింది. పుట్టడం మంచిదే. అది పుట్టినచోటే ఉండక జీపెక్కి ఎర్రమిట్ట దాకా వచ్చింది. స్వచ్ఛ యంత్ర పక్షోత్సవాలని పేరు పెట్టారు. శుద్ధి యంత్ర పరిశుభ్రతా నియమావళి అని పుస్తకం అచ్చేశారు. దాన్ని అమలు చేయడానికి పరాంకుశం గారనే అధికారిని కుటుంబంతో సహా ఎర్రమిట్టకు వేశారు. పాపం ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, ఎవరినీ కసురుకోడు. పుస్తకంలో ఉన్నది తప్ప లోకంలో ఇంకోటి ఉందని నమ్మడు, అంతే.

ఆయన జీపు దిగి మొదట చూసింది దండెం. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి ఒక ఫిల్టరును తాకించి, రుమాలు వైపు చూసి, కళ్లు మూసుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి మిషను విప్పమన్నాడు. అది బుధవారం. శుక్రవారం పెట్టిన ఫిల్టరు అప్పటికి బెల్లం రంగులో ఉంది. మొత్తం కాగితం నింపి వందకు పదకొండు మార్కులు వేశాడు. ఆ పదకొండూ గోడకు సున్నం వేయించినందుకు.

చెంచయ్య విప్పిన ఫిల్టరును చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూపించి అడిగాడు.

“అది మురికి పట్టుకునేదానికే గదా సార్ పెట్టింది?”

“చూడండి చెంచయ్య గారూ,” అన్నాడు పరాంకుశం గారు ఎంతో నెమ్మదిగా. “నియమావళి నాలుగవ నిబంధన ప్రకారం శుద్ధి యంత్రము యొక్క ఏ భాగమందునూ మలినము కానరాకూడదు. మీ యంత్రము మలినమును పట్టుకొనుచున్నట్లు మీరే వాంగ్మూలమిచ్చారు. పట్టుకొమ్మని ప్రభుత్వము ఆదేశించలేదు.”

మూడు తనిఖీల్లో యాభై మార్కులు దాటకపోతే మిషనుకు సీలు పడుతుందని నోటీసు గోడకు అంటించి, దండెం విప్పేయించి, ఆయన బజారు అవతలి కొట్టుకు వెళ్లాడు.

ఆ కొట్టు మాలకొండయ్యది. ఊళ్లో ఉన్న నీళ్ల కొట్లు రెండే. మాలకొండయ్య మిషను పెద్దది, నీలం లైట్లది, చెంచయ్య ఒంగోలులో వద్దనుకున్న రకం. దాని లోపలి పొర రెండేళ్ల కిందటే చిరిగిపోయింది. మళ్లీ వేయించడమెందుకని మాలకొండయ్య గోడవెనక ఒక పైపు ముక్క అతికించి బోరు నీళ్లను తిన్నగా కుళాయికి ఇచ్చుకున్నాడు. ముందర మిషను మాత్రం పొద్దస్తమానం నీలంగా వెలుగుతూ ఉంటుంది. దానిలోకి చుక్క నీళ్లు పోతే ఒట్టు. పరాంకుశం గారు దాని ఫిల్టరు విప్పించి చూస్తే పెళ్లికూతురు పట్టుచీర మడతలాగా, కొన్ననాటి సీలు గుర్తుతో సహా తెల్లగా ఉంది. రుమాలు తాకించాడు, రుమాలే కొంచెం మాసినట్టు కనబడింది. తొంభై ఎనిమిది మార్కులు. గోడమీద బల్లి ఉన్నందుకు రెండు తగ్గించాడు. మాలకొండయ్యకు శాలువా కప్పి, తన ఇంటికి రోజూ రెండు క్యాన్లు పంపమని చెప్పి వెళ్లాడు.

చెంచయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ కోపం తెచ్చుకుంటే సీలు ఆగుతుందా? రెండో తనిఖీకి తట్టుకోవాలని ఫిల్టరు రోజుకోటి మార్చాడు. పొద్దున ఆరింటికి తెల్లగా పెట్టింది మధ్యాహ్నం రెండింటికి రంగు తిరిగేది. పరాంకుశం గారు ఖచ్చితంగా మూడింటికే వచ్చాడు. ఇరవై మూడు మార్కులు వేసి, మీలో ప్రయత్నం కనిపిస్తోందని మెచ్చుకున్నాడు.

అప్పుడు చెంచయ్య బడికెళ్లి సువార్తమ్మ గారి చేత ఒక అర్జీ రాయించాడు. నీళ్లు మురికివి, మిషను మంచిది, నీళ్లు మిషన్లో పోస్తే మిషనుకు మురికి పడుతోంది, మేమేం చేయాలో సెలవివ్వండి అని. ఆ అర్జీ జిల్లా ఆఫీసుకు వెళ్లింది, అక్కణ్నుంచి ఇంకా పైకి వెళ్లింది. పైన నిపుణుల కమిటీ కూర్చుంది. నిపుణులు కూర్చున్నాక ఊరికే లేస్తారా? పన్నెండు రోజుల్లో వివరణ ఉత్తర్వు వచ్చింది. దాన్ని పరాంకుశం గారు కొట్టు అరుగు మీద నిలబడి స్వయంగా చదివి వినిపించాడు.

“శుద్ధి యంత్రములకు మలినము సోకుటకు మూలకారణము వాటియందు ప్రవేశపెట్టబడు నీరేనని కమిటీ నిర్ధారించినది. కావున ఇకమీదట శుద్ధి చేయబడిన నీటిని మాత్రమే శుద్ధి యంత్రములందు ప్రవేశపెట్టవలెను.”

ఆ మాట చెప్పి రెండు కొట్ల బోర్లకూ లక్క వేసి సీలు కొట్టాడు. శుద్ధి చేసిన నీళ్లు ఎక్కణ్నుంచి తేవాలి అని చెంచయ్య అడిగితే, లైసెన్సు కలిగిన వేరొక శుద్ధి కేంద్రము నుంచి అన్నాడు. మూడో తనిఖీ అయ్యేదాకా మిషను ఒక్క రోజు కూడా ఆగరాదని, ఆ లోపల నీళ్లు ఎవరికీ ఇవ్వరాదని కూడా చెప్పాడు. ఊళ్లో ఉన్న వేరొక కేంద్రం మాలకొండయ్యది. మాలకొండయ్యకు వేరొక కేంద్రం చెంచయ్యది.

ఆ రోజుకు చెంచయ్య ట్యాంకులో అరవై క్యాన్ల నీళ్లున్నాయి. సోమవారం పొద్దున ఆ అరవైనీ రిక్షాలో మాలకొండయ్య కొట్టుకు తోలాడు. మాలకొండయ్య మూతలైనా విప్పకుండా ముద్ర వేసి సాయంత్రానికి అరవైనీ తిప్పి పంపాడు. రూలు ప్రకారం అవిప్పుడు వేరొక కేంద్రం నీళ్లు. చెంచయ్య వాటిని తన మిషన్లో పోశాడు. ఆ మిషను గుణం ఒకటుంది. బిందెడు నీళ్లు పోస్తే అరబిందె తాగే నీళ్లిచ్చి, మిగతా అరబిందెను ఉప్పుతో సహా కాలవలోకి తోసేస్తుంది. బోరు ఉన్నప్పుడు దాని సంగతి ఎవరు పట్టించుకున్నారు, ఆ నీళ్లతో బర్రెల్ని కడిగేవాళ్లు. ఇప్పుడు అరవై ముప్పై అయ్యాయి. మంగళవారం ముప్పై వెళ్లి వచ్చి పదిహేనయ్యాయి. బుధవారం ఏడున్నర. ఆ అరక్యాను కూడా పాపం మర్యాదగా రిక్షా ఎక్కి వెళ్లి వచ్చింది.

శుక్రవారానికి చెంచయ్య కొట్లో రెండు క్యాన్లు మిగిలాయి, ఫిల్టరు ధగధగలాడుతోంది. పరాంకుశం గారు మూడో తనిఖీకి వచ్చి చూసి నిజంగా సంతోషించాడు. తొంభై రెండు మార్కులు వేశాడు. నీటి పరిమాణము తగ్గినకొద్దీ మలినము సైతము తగ్గుచున్నదని, ఇది గమనించదగిన పురోగతి అని రిజిస్టరులో రాసుకున్నాడు. మిషనుకు సీలు తప్పింది. చెంచయ్యకు ఒక శాలువా కూడా వచ్చింది.

ఆ శాలువా భుజాన వేసుకునే, మిగిలిన రెండు క్యాన్లూ బడికి ఇచ్చొద్దామని బయల్దేరాడు. బడి గేటు పక్కన పాత చేతి పంపు ఒకటుంది. తాగరాదని దానికి ఎప్పుడో ఎర్ర రంగు కొట్టారు. ఆ పంపు దగ్గర పిల్లలు వరసకట్టి ఉన్నారు. ఒకరు కొడుతుంటే ఒకరు దోసిలి పట్టి తాగుతున్నారు. సువార్తమ్మ గారు వరండాలో కూర్చుని ఉంది, లేచి రాలేదు.

“నాలుగు రోజులు ఆపగలిగా చెంచయ్యా,” అంది ఆమె. “ఎండాకాలం. దప్పికైన పిల్లను తాగొద్దని ఎట్టా చెప్పేది?”

చెంచయ్య క్యాన్లు దించి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఇంతకాలం పడ్డ పాటంతా ఆ దోసిళ్లలోంచి కారిపోతున్నట్టు ఉంది. ఏడుపు ఆగలేదు. పిల్లలు చూస్తున్నారని శాలువాతో మొహం కప్పుకున్నాడు. ఆ శాలువా దానికి మాత్రం పనికొచ్చింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా కూర్చుంటే రవణమ్మ లైసెన్సు కాగితాలన్నీ ముందేసుకుంది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చదివే అలవాటు. వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. యంత్రము యొక్క ప్రయోజనము అన్న గడిలో, నీటిని శుద్ధి చేయుట అని రాసి ఉంది.

“ఇది ఎవురు రాశారయ్యా?”

“మిషను అమ్మినోడు రాశాడు. అదే గదా దాని పని.”

“దాని పని మురికి పట్టేది గూడా గదా. మురికి సేకరించే మిషనని రాయి. అప్పుడు మురికి పట్టినందుకు మార్కులెయ్యాల్సిందే.”

చెంచయ్య ఆ గడిని తానూ ఒకసారి చదివాడు. తర్వాత అన్నం పెట్టమన్నాడు.

సోమవారం పరాంకుశం గారి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాడు. తన యంత్రము నీటినుండి మురికిని సేకరించు యంత్రమని, దాన్ని నీటి శుద్ధి పద్దు నుంచి తీసి వ్యర్థ సేకరణ పద్దులో చేర్చాలని. పరాంకుశం గారు పుస్తకం తిరగేశాడు. అందులో కుదరదని ఎక్కడా లేదు. పైగా వ్యర్థ సేకరణ శాఖకు కూడా ఆయనే అదనపు బాధ్యుడు. ఎర్రమిట్టలో ఆ ఏడాది సేకరణ ఇంకా మొదలే కాలేదని పైనుంచి రెండు మెమోలు కూడా వచ్చి ఉన్నాయి. వ్యర్థము సేకరించవలెనన్న వ్యర్థము కలిగిన నీరు అవసరమని ఆయనే ఒక నోటు రాసుకుని, ఆయనే మంజూరు చేసుకుని, ఆ సాయంత్రమే బోరు సీలు విప్పించాడు.

శుక్రవారం తనిఖీకి వచ్చేసరికి ఫిల్టరు ఇటుక రంగుకు తిరిగింది. ఆయన దాన్ని రెండు చేతుల్తో అందుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి రుమాలు తీయలేదు. అత్యుత్తమ సేకరణ అని రాసి వందకు వంద వేశాడు. ఇంత చక్కటి వ్యర్థాన్ని లోపల దాచుకుంటారా, జనం చూసేలా బయట వేలాడదీయమని ఆయనే సలహా ఇచ్చాడు. చెంచయ్య చిత్తమన్నాడు.

మాలకొండయ్య ఊరుకుంటాడా? సోమవారమే తానూ ఇలాంటి దరఖాస్తే పెట్టి బోరు విప్పించుకున్నాడు. అదే శుక్రవారం ఆయన మిషను విప్పితే ఫిల్టరు ఎప్పటిలాగే తెల్లగా మెరిసిపోతోంది. వారంలో రవ్వంత మురికి సేకరించలేదు. సున్నా మార్కులు, నోటీసు. తొంభై ఎనిమిది తెచ్చుకున్న ఫిల్టరే గదా సార్ అని ఆయన లబోదిబోమన్నాడు. అప్పుడు వేసినవి వేరే శాఖ మార్కులని పరాంకుశం గారు చెప్పాడు. ఆ సాయంత్రం మాలకొండయ్య చెంచయ్య కొట్టుకు వచ్చి, దండెం మీదవి రెండు పాత ఫిల్టర్లు ఇప్పించమని అడిగాడు. నీ నీళ్లు నీ మిషన్లోంచి పోనిస్తే నీకూ వస్తది గదన్నా అని చెంచయ్య నవ్వి పంపించాడు. వేరే దారిలేక మాలకొండయ్య చిరిగిన పొర మార్చడానికి మెకానిక్కుకు కబురు పెట్టాడు, అతను రావడానికి రెండు వారాలు పడుతుందన్నాడు.

అంతా సర్దుకుందనుకునేలోపు పరాంకుశం గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. మురికి సేకరించిన తర్వాత ఈ మిషను మరో గొట్టంలోంచి ఏదో ద్రవం వదులుతోంది. ఇది ఏమిటి? నీళ్లని చెంచయ్య అనబోతే రవణమ్మ ఆయన కాలు తొక్కింది. నీళ్లంటే మళ్లీ శుద్ధి పద్దులోకి పోవాలి. ఏమోనండీ, మురికి తీసేశాక మిగిలిపోయేది అని ఆమె చెప్పింది. అయితే అది సేకరణానంతర శేష వ్యర్థం అని ఆయన తేల్చాడు. వ్యర్థాన్ని అమ్మకూడదు, నిల్వ ఉంచకూడదు, తీసుకుపోయేవాళ్లు దాన్ని ఎలా నిర్మూలిస్తారో సంతకం పెట్టి చెప్పాలి. క్యాను బాడుగ తీసుకుంటే శాఖకు అభ్యంతరం లేదు. అందుకని ఒక రిజిస్టరు ఇచ్చాడు. అందులో పేరు, వ్యర్థము యొక్క పరిమాణము, నిర్మూలన విధానము అని మూడు గడులు.

మొదటి రోజు వచ్చింది సువార్తమ్మ గారే. ఆరు క్యాన్లు రిక్షాలో పెట్టించి, కళ్లజోడు సవరించుకుని మూడో గడిలో, నూట నలభై మంది పిల్లలచే తాగించుట అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ మధ్యాహ్నం బడి గేటు పక్కన పంపు దగ్గర ఎవరూ లేరు. తర్వాత వచ్చినవాళ్లూ ఆమె రాసింది చూసి అదే రాశారు. తాగుట, తాగుట, తాగుట. ఒక ముసలాయన తాగుట, కొంత మజ్జిగలో కలుపుట అని రాశాడు. పరాంకుశం గారు వారం చివర రిజిస్టరు చూసి, వ్యర్థము ఎక్కడా మిగలకుండా నిర్మూలించబడుతున్నదని ఎర్ర సిరాతో తృప్తి వెలిబుచ్చాడు.

ఆ మరుసటి సోమవారం పొద్దున్నే ఆయన మళ్లీ వచ్చాడు. జీపు లేదు, ఫైలు లేదు. లుంగీ మీద ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు ఖాళీ క్యాన్లు. మొహం పీక్కుపోయి ఉంది. ఆయన ఇంట్లో మొన్నటిదాకా వాడింది తొంభై ఎనిమిది మార్కుల నీళ్లే. భార్యకూ ఇద్దరు పిల్లలకూ నాలుగు రోజులుగా కడుపులు చెడి సెలైను పెట్టించాల్సి వచ్చిందట. డాక్టరు ఏ కొట్టు నీళ్లు అని అడిగితే చెప్పాడట, డాక్టరు వింతగా చూశాడట. ఇదంతా ఆయన గోడ వైపు చూస్తూ చిన్న గొంతుతో చెప్పాడు.

చెంచయ్యకు నవ్వు రాలేదు. పిల్లలకు ఎట్టా ఉందని అడిగాడు. రెండు క్యాన్లూ కడిగి మూతిదాకా పట్టి ఇచ్చాడు. సంతకం అక్కర్లేదు సార్, తీసుకెళ్లండి అన్నాడు.

పరాంకుశం గారు ఒప్పుకోలేదు. నియమం ఎవరికైనా నియమమే. రిజిస్టరు తెప్పించుకుని అరుగు మీద కూర్చుని పేరు రాశాడు, పరిమాణం రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగింది. పైన గడులన్నీ ఒకసారి చదువుకున్నాడు. చివరికి ఆఫీసు దస్తూరీతో రాసి కింద హోదాతో సహా సంతకం చేశాడు.

కుటుంబ సమేతముగా తాగుట.